ఎర్ర సాసులో నేను దాచిపెట్టింది

కువైట్‌లో ఇరవై ఆరేళ్ళు వంట చేశాను. అందులో చివరి పదకొండేళ్ళు మెక్సికో వంట, దాన్ని ఆనుకుని ఉన్న అమెరికా ఎడారి రాష్ట్రాల వంట. రాజోలు దగ్గర పుట్టి, కొబ్బరీ చింతపండూ తప్ప ఇంకో లోకం తెలియనివాడికి ఆ వంటేమిటని మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. మిరపకాయ సంగతి తెలిసినవాడికి ఆ వంట పరాయిది కాదు.

పని మానేసి రెండేళ్ళయింది. హోటలు పనికి కువైట్ వెళ్ళబోయేవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి జీతం ఎంత, గదిలో ఎందరు, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఎవరు చూసుకుంటారు అని అడుగుతుంటారు. అవన్నీ ఏజెంటు చెబుతాడు, సగం అబద్ధాలే అయినా. నేను చెప్పాల్సింది వేరే ఉంది. వంటవాడు తన చేత్తో చేసింది ఇంకొకరి నోట్లోకి వెళుతుంది. ఈ మాట వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. నాకు మాత్రం అది యాభై దాటాక గానీ అర్థం కాలేదు. అర్థమైన తీరు గొప్పగా చెప్పుకునేదీ కాదు.

అహ్మది మెస్సులో అబ్బిన బుద్ధి

నా మొదటి పని అహ్మదిలో, చమురు కంపెనీలకు కూలీలను పంపే ఒక కాంట్రాక్టరు మెస్సులో. అక్కడ పెద్ద వంటవాడు వెంకట్రావుగారు, పాలకొల్లు వైపు మనిషి. చెయ్యి మంచిది. ఆయన మాంసం కూర దించే ముందు మమ్మల్నందరినీ ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేసేవాడు. అప్పుడు జేబులోంచి ఒక పొట్లం తీసి ఏదో చల్లేవాడు. ఏమిటన్నది ఆయన ఊరెళ్ళిపోయాక కూడా ఎవరికీ తెలియలేదు.

ఒకసారి చనువు కొద్దీ అడిగేశాను. ఆయన గరిటె పక్కనపెట్టి, "ఒరే సత్యం, అన్నీ సూపించేత్తే రేపు నిన్నెందుకు ఉంచుకుంటాడ్రా కఫీలు? ఒకటి మన సేతిలో అట్టే పెట్టుకోవాలి. అదేరా మన అసలు ఇఖామా" అన్నాడు. కఫీల్ అంటే మన వీసాకి పూచీ పడే యజమాని. ఆయన వద్దనుకుంటే విమానం ఎక్కడమే.

నేను ఆ మాటని మంత్రోపదేశంలా పుచ్చుకున్నాను. నేనొక్కణ్ణే కాదు, గల్ఫ్ వంటగదుల్లో మనవాళ్ళు చాలామంది ఇలాగే ఉంటారు. పొడి దాస్తారు, కొలత దాస్తారు, పక్కవాడు చూస్తుంటే ఉప్పు కూడా తప్పు వేసి తర్వాత సరిచేస్తారు. ఇది దుర్మార్గం కాదు, భయం. కానీ భయంతో చేసినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

రమోన్ మాస్టరు పెనం

పదిహేనేళ్ళ తర్వాత నేను చేరిన హోటలు యజమాని అబూ ఫహద్. మేమంతా ఆయన్ని బాబా అనేవాళ్ళం. చదువుకునే రోజుల్లో అరిజోనాలో ఆరేళ్ళు ఉండి వచ్చాడు. డిగ్రీ సంగతి ఏమో గానీ అక్కడి తిండి మాత్రం ఆయన్ని వదల్లేదు. కువైట్ సిటీలో పాత సూక్ బజారుకి దగ్గరగా ఎనిమిది బల్లల హోటలు పెట్టి, మాకు నేర్పడానికి మెక్సికో నుంచి రమోన్ అనే పెద్దాయన్ని రెండేళ్ళకు పిలిపించాడు.

మొదటి రోజు ఎండుమిరపకాయలు వేయించమంటే నేను నూనె మరిగించి, మన తాలింపులో లాగా నల్లబడేదాకా వేయించి గర్వంగా చూపించాను. రమోన్ ఒకటి కొరికి, మొత్తం చెత్తబుట్టలో పోశాడు. తర్వాత పొడి పెనం మీద ఒక్కో మిరపకాయనీ వేళ్ళతో అదిమి, వాసన రాగానే తీసి వేడినీళ్ళలో వేశాడు. "ఒక్క క్షణం ఎక్కువైతే చేదు. దానికి మందు లేదు" అన్నాడు తన వచ్చీరాని ఇంగ్లీషులో. నాకు రోషం వచ్చింది. ఆంధ్రావాడికి మిరపకాయ నేర్పుతాడా అనుకున్నాను. వారం తిరిగేసరికి ఆయనదే నిజమని నాలుకే ఒప్పుకుంది.

ఆ తర్వాత ఆయన చేసేవన్నీ నాకు మన ఇంటి పనుల్లాగే కనిపించాయి. మొక్కజొన్నల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, కడిగి, రుబ్బి రొట్టెలు చేసేవాడు. పచ్చడి రాతి రోట్లో నూరేవాడు. గంగపాయల కూర మనం పప్పులో వేసినట్టే ఆయన పచ్చిమిరపకాయల పులుసులో వేసేవాడు. పెద్ద పచ్చిమిరపకాయల్ని మంట మీద కాల్చి, మూతపెట్టి మగ్గనిచ్చి, తొక్క ఒలిచేవాడు. అది మా అమ్మ వంకాయ కాల్చే పద్ధతే.

ఒక్క అలవాటు మాత్రం మాకు నవ్వు తెప్పించేది. చేసిన ప్రతి డబ్బా మీదా కాగితం అంటించి, అందులో ఏమేం వేశారో అన్నీ రాయించేవాడు. "ఉప్పు కూడా రాయాలా మాస్టరూ?" అని నేను వెటకారం చేస్తే, "తినేవాళ్ళు అడిగితే చదివి చెప్పాలి కదా" అన్నాడు. ఆయన వెళ్ళిపోయిన నెలకే ఆ కాగితాల మీద తారీఖు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆయన తర్వాత పెద్ద వంటవాణ్ణి నేనే. మానేసిందీ నేనే.

శుక్రవారం సంత

చలికాలం మొదలైతే వఫ్రా, అబ్దలీ తోటల రైతులు శుక్రవారం పొద్దున్నే సంత పెట్టేవారు. వేసవి వచ్చేవరకూ కూరగాయలన్నీ అక్కడే కొనాలని అబూ ఫహద్ పట్టు. ఈ పనిలో నాకు సంతోషం దొరికింది అక్కడే, దాచుకోవడం ఎందుకు.

వఫ్రా నుంచి వచ్చే ఒక ఈజిప్టు రైతు మా కోసం పొర చుట్టుకుని ఉండే పచ్చి పుల్ల టమాటాలు పండించేవాడు. మిరపకాయల బుట్ట ముందు పెట్టి, "ఈ వారం నీళ్ళు తగ్గించాం, జాగ్రత్త" అనేవాడు. అంటే ఘాటు ఎక్కువని అర్థం. ఒకే చెట్టు కాయ పోయిన వారం ఒకలా, ఈ వారం ఇంకోలా ఉంటుంది. కాబట్టి కొత్తగా వచ్చేవాళ్ళకు చెబుతున్నాను, కాయలు లెక్కపెట్టి వేయకండి. ప్రతి బుట్టలోంచీ ఒకటి తొడిమ దగ్గర కొరికి చూడండి. కళ్ళల్లో నీళ్ళొస్తే రానివ్వండి. అది మీ పని.

నీళ్ళ టమాటాలు

రమోన్ వెళ్ళిన మూడో ఏడు, సంత కాలం చివరికొచ్చేసరికి టమాటాల్లో నీరు తప్ప కండ లేదు. రొట్టెల మీద పోసే ఎర్ర సాసు పళ్ళెంలో పారిపోతోంది. రమోన్ ఉంటే సన్నమంట మీద గంటల తరబడి ఇగరబెట్టేవాడు, లేదా కాస్త మొక్కజొన్న పిండి కలిపేవాడు. నాకు మా అమ్మ గుత్తొంకాయ గుర్తొచ్చింది. వేరుశనగ గుళ్ళు దోరగా వేయించి, పొట్టు నలిపి, మెత్తగా రుబ్బి రెండు గుప్పిళ్ళు కలిపాను. సాసు చిక్కబడింది, రొట్టెని పట్టుకుంది, మిరపకాయ ఘాటు వెనక ఒక కమ్మదనం వచ్చింది.

అబూ ఫహద్ రుచి చూసి, "సత్యా, ఇది రమోన్ చేసినదానికన్నా బాగుంది" అన్నాడు. అన్నేళ్ళలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. ఏం కలిపావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి అందరికన్నా అరగంట ముందు వచ్చి రుబ్బుకునేవాణ్ణి. గుళ్ళ డబ్బా నా అలమరలో బట్టల వెనక ఉండేది.

అప్పుడే అబూ ఫహద్ రెండో వంటవాణ్ణి పెట్టాడు. నాగేశ్వరరావు, అమలాపురం వాడు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్న, పనిలో చురుకు. నా ఇఖామా తిరిగి రాయించాల్సిన సమయం దగ్గరికొచ్చింది. ఇతను పని నేర్చుకుంటే నన్నెందుకు ఉంచుతారన్న భయం మొదలైంది. "ఏటండి సత్యంగారూ, పొద్దున్నే ఒక్కరే వచ్చేసి రుబ్బేసుకుంటన్నారు? పిలిత్తే మేం రామేటి?" అని అతను హాస్యమాడితే, నాకు అది ఆరా తీస్తున్నట్టు వినిపించేది.

ఆ మధ్యాహ్నం

శుక్రవారం మధ్యాహ్నం. హోటలు నిండుగా ఉంది. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక కువైటీ తల్లి, ఆమె ఐదేళ్ళ కూతురు మునీరా, పిల్లను చూసుకునే మన తెలుగావిడ కూర్చున్నారు. ఆ కుటుంబం అప్పటికి రెండు మూడుసార్లు వచ్చింది. ఆ పనిమనిషి పేరు రమణమ్మ, రాయచోటి దగ్గర పల్లెటూరు. ముందోసారి వచ్చినప్పుడు నేను నాగేశ్వరరావుతో మాట్లాడటం విని, "మీరు తెలుగోళ్ళా అన్నా" అని ముఖమంతా నవ్వుతో పలకరించింది.

ఆ రోజు మేము పళ్ళేలు అందించే కిటికీ దగ్గరికి ఆమే వచ్చింది. "అన్నా, పాప ఈ ఎర్రది కావాలని ఏడుస్తా ఉండాది. దీంట్లో శెనక్కాయలు గానీ ఏమన్నా ఏసినారా? పాపకు పడవు. మామా అడిగి రమ్మనింది. ఏసింటే చెప్పన్నా, నేను పెట్టను."

మామా అంటే ఇంటి యజమానురాలు. నా పక్కనే నాగేశ్వరరావు రొట్టెలు కాలుస్తున్నాడు. 'ఉన్నాయి' అంటే నా గుట్టు అతని చెవిలో పడుతుంది. ఆ క్షణంలో నాకు కనిపించింది అతనొక్కడే. పడకపోతే దద్దుర్లు వస్తాయేమో, ఒక్క చెంచాకి ఏమవుతుంది, డబ్బున్నవాళ్ళ అతి జాగ్రత్తలు అనుకున్నాను.

"లేదమ్మా. మిరపకాయలు, టమాటాలే. ఏం కంగారు పడకు" అన్నాను.

ఆమె వెళ్ళి రొట్టె తుంచి, సాసులో అద్ది, ఊది, పిల్ల నోట్లో పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. రెండో ముక్క పెట్టింది. కాసేపటికి పిల్ల గొంతు గోక్కుంది. పెదాలు ఉబ్బాయి. ఊపిరి ఈలలా రావడం వంటగదిలోకి వినిపించింది. తల్లి సంచీ తిరగేసి, పెన్ను లాంటి ఇంజెక్షను తీసి పిల్ల తొడమీద గుచ్చింది. ఆ తల్లి దగ్గర అది లేకపోతే నేను ఇవాళ ఇది రాస్తూ ఉండేవాణ్ణి కాదు.

అబూ ఫహద్ కారు తేవడానికి పరిగెత్తాడు. ఈలోగా తల్లి రమణమ్మ వైపు తిరిగి, ఏం పెట్టావు, ఏం పెట్టావు అని అరుస్తూ ఆమె సంచీ లాక్కుని నేలమీద కుమ్మరించింది. అందులో కాగితంలో చుట్టిన వేరుశనగ ఉండలు రెండు దొర్లాయి. ఊరినుంచి ఎవరో తెచ్చి ఉంటారు. రాయచోటి వైపు ఆడవాళ్ళ సంచీలో అవి ఉండటం వింతేమీ కాదు.

"వల్లా మామా, అనా మాఫీ సవ్వి, నేనేమీ చేయలేదు మామా" అని రమణమ్మ రెండు భాషలూ కలిపి ఏడ్చింది. తర్వాత నా వైపు చూసింది. "అన్నా, నువ్వన్నా చెప్పు. నేను నిన్నడిగి పెట్టినా కదా."

అబూ ఫహద్ గుమ్మంలోంచి, "సత్యా, సాసులో ఏమైనా ఉందా?" అన్నాడు.

"నో బాబా. చిల్లీ, టొమాటో" అన్నాను.

శనివారం

మర్నాడు సాసులో గుళ్ళు వేయలేదు. పల్చగా పారింది. పిల్ల ప్రమాదం దాటిందని అబూ ఫహద్ చెప్పాడు. నేను దాన్ని పట్టుకుని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిల్ల బాగానే ఉంది. ఆమెకి ఇంకో ఇల్లు దొరుకుతుంది. నాకు ఈ వయసులో ఇంకో వంటగది దొరకదు. ఇలాంటి లెక్కలు వేసుకునేటప్పుడు మనిషికి తెలివి బాగా పనిచేస్తుంది. ఆ తెలివిని నమ్మకండి.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక నాగేశ్వరరావు చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా పక్కన గోడకి ఆనుకున్నాడు.

"సత్యంగారూ, ఆ రుబ్బే జారు రోజూ కడిగేది నేనేనండి. ఏరుశనగ గుళ్ళ వాసన పోద్దేటండి? వచ్చిన రెండో రోజే తెలిసింది నాకు. ఆయన గుట్టు మనకెందుకులే అని ఊరుకున్నాను."

నేను పొయ్యి కట్టేశాను.

"నిన్న ఆవిడ అడగటం నేనూ ఇన్నాను. మీరు లేదన్నారు. ఆ రోజుకి గుళ్ళు మానేసేరేమో అనుకున్నానండి, ఒట్టు. నేనూ నోరు మూసుకున్నాను. ఆవిణ్ణి పనికి తెచ్చిన ఏజెన్సీ ఆఫీసులో అప్పజెప్పేసేరంట. ఇంటికి పంపేత్తారంట. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఎవరి దగ్గర దాచాలని ఆ మాట అన్నానో, అతనికి మొదటినుంచీ తెలుసు. నేను ఒక పిల్ల ప్రాణాన్నీ ఒక ఆడదాని పనినీ పణంగా పెట్టి కాపాడుకున్న రహస్యం అసలు రహస్యమే కాదు. చిన్నవాడు, నాకు పోటీ అనుకున్నవాడు, నా ముందు తల దించుకుని నిలబడ్డాడు. నేను అక్కడే పిండి బస్తా మీద కూలబడి ఏడ్చాను. "నేనే చెబుతాను నాగేశ్వరరావూ" అన్నాను. అలా అన్నాక కూడా ఆ సాయంత్రం చెప్పలేకపోయాను. ఆదివారం పొద్దున్న అబూ ఫహద్ హోటలు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను.

ఉద్యోగం సంగతి

నా ఉద్యోగం పోలేదు. కుర్రాళ్ళు ముందు అదే అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. అబూ ఫహద్ అంతా విని, తీసిన తలుపుకి మళ్ళీ తాళం వేశాడు. తిడితే బాగుండుననిపించింది. చివరికి, "నువ్వు ఉంటావా పోతావా అన్నది తర్వాత. ముందు ఆ తల్లికి నీ నోటితో చెప్పాలి, పద" అన్నాడు. తర్వాత వారంపాటు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. గిన్నెలు కడిగించాడు. ఆపైన నాకు తెలిసిన ప్రతి వంటనీ నాగేశ్వరరావు ముందు చేసి, అందులో పడేవన్నీ పైకి చదవమన్నాడు. చదివాను. అన్నీ చూపించేశాక కూడా నన్ను మరో ఆరేళ్ళు ఉంచుకున్నాడు. వెంకట్రావుగారు చెప్పినది ఆ రకంగానూ నిజం కాలేదు. అందరు యజమానులూ అబూ ఫహద్‌లా ఉంటారని మాత్రం నేను మీకు మాట ఇవ్వలేను. పని పోతే పోతుంది. అయినా చెప్పండి, వెంటనే చెప్పండి.

ఏజెన్సీ ఆఫీసులో

ఆ ఆదివారం వాళ్ళింటి గుమ్మంలో మునీరా తల్లి ముందు నిలబడి నా విరిగిన అరబీలో చెప్పాను. ఆమె నన్ను పోలీసులకు అప్పగిస్తానంది. అప్పగించినా న్యాయమే. అంతలో లోపలినుంచి మునీరా పరిగెత్తుకొచ్చి, "వేన్ రమణా?" అంది. రమణ ఏదీ అని. ఆ పిల్ల రెండు రోజులుగా అదే అడుగుతోందట. తల్లి కారు తాళాలు తీసుకుంది.

ఆఫీసులో గోడవారగా ప్లాస్టిక్ కుర్చీల్లో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. రమణమ్మ చివరి కుర్చీలో, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని, క్షమించమని అరబీలో అడిగింది. రమణమ్మ అది పట్టించుకోలేదు. "మునీరా జేన్?" అంది. బాగుందా అని. బాగుందని తల్లి తలూపాక, అప్పుడు కళ్ళు తుడుచుకుంది.

నేను దగ్గరికి వెళ్ళాను.  "తప్పయిపోయిందమ్మా. వేశాను. వేసి లేదన్నాను" అన్నాను.

ఆమె తిట్టలేదు. నా ముఖంలోకి చూసి, నెమ్మదిగా అడిగింది.

"నేను నిన్ను తెలుగులోనే కదన్నా అడిగింది. అరబ్బీలో అడిగింటే నాకే సరిగ్గా అర్థం కాలేదేమో అనుకుందును. మనోడు లేదన్నాడు గదా, ఇంక యాడ్నించి వచ్చింటాది? ఈ రెండు దినాలు ఈడ కూసోని అదే. శెనక్కాయల ఉంట తిన్న చెయ్యి కడుక్కోకుండా నేనే పాప నోట్లో పెట్టినానేమో, నేనే పాపను సంపబోయినానేమో అని, ఈ చేతుల్నే చూసుకుంటా ఉండా."

ఇంటికి పోదాం రమ్మని తల్లి పిలిచింది. రమణమ్మ సంచీ భుజాన వేసుకుని ఆమె వెనకే వెళ్ళింది.